అవ్వ పండ్ల సెట్టు

ఇప్పుడు నా ల్యాబుల మిషినుంది. కట్టుడు పండ్ల సెట్టును ఇత్తడి పెట్టెల బిగించి, నీళ్లల్ల ఏసి, బటన్ ఒత్తితే చాలు. నీళ్లు ఎంత కాగాల్నో, ఎంతసేపు కాగాల్నో, ఎప్పుడు సల్లగావాల్నో అన్నీ అదే చూస్కుంటది. కొత్తగ పనికి చేరినోళ్లకు థర్మామీటరు చేతికిచ్చి నీళ్ల కాడ నిలబడుమంటే, "ఎందుకు మేడం, మిషినే చూస్తది గద" అంటరు. నాకు ఒళ్లు మండుతది. ఒళ్లు మండుడు నాకు కొత్తేం గాదు. కోపం, తొందర రెండూ నాకు పుట్టుకతోనే వచ్చినయ్. ఏడో నెల నిండంగనే బయటవడ్డవు, కడుపుల గూడ కుదురుగ ఉండలేదని మా అమ్మ ఇప్పటికీ అంటది. గా తొందర నాతోని ఏం జేయించిందో గీ పిల్లలకు చెప్పాల్నని ఎన్నోసార్లు అనుకున్న గాని, నోరు రాలేదు.

నేను పని నేర్సుకున్నది సుచిత్ర చౌరస్తా కాడ, మెడికల్ షాపు మీది అంతస్తుల. రెండు అర్రలు, మీద రేకులు, ఒక్క కిటికీ. కిటికీ తెరిస్తే మేడ్చల్ రోడ్డు చప్పుడంతా లోపలికొస్తుండె, మూస్తే ఊపిరాడకపోతుండె. ల్యాబు మా సారుది. అరవైకి దగ్గరి మనిషి, సన్నగ ఉంటుండె, ఎంత అర్జంటున్నా గొంతు లేపకపోతుండె. డాక్టర్లు కొలతలు తీసి పంపితే మేం పండ్లు కట్టి పంపుడు. పొద్దుగాల మేడ్చల్ల బస్సెక్కితే తొమ్మిదిలోపల ల్యాబుల ఉండేదాన్ని. గా బస్సు, గా రేకుల అర్రలు, మైనం కరిగిన వాసన యాదికొస్తే ఇప్పటికీ పాణం అటే గుంజుతది.

పండ్ల సెట్టు ఎట్ల తయారయితదో జర చెప్త. ముందుగాల మైనంతోని చిగుళ్లు చేసి, అండ్ల పండ్లు నాటి, మనిషి నోట్లె పెట్టి చూస్తరు. సరిపోతే దాన్ని ఇత్తడి పెట్టెల పీఓపీ పోసి బిగిస్తరు. ఉడుకు నీళ్లతోని మైనాన్ని కరిగించి తీసేస్తరు. ఇగ పండ్లు పీఓపీల ఇరుక్కొని ఉంటయ్, మైనం ఉన్న జాగ ఖాళీగుంటది. గా ఖాళీల గులాబిరంగు ముద్ద కూరాలె. ముద్ద ఎట్లయితదంటే, ఒక పౌడరు, ఒక లిక్విడు, రెండు కలిపి జాడీల మూత పెడితే ముందు తడి ఇసుక లెక్కుంటది, తర్వాత బంక తీగలు సాగుతది, తర్వాత చపాతీ పిండి లెక్కయితది. గా పిండి దశలనే కూరాలె. ఇంకా ఆగితే రబ్బరయితది, ఇగ దేనికీ పనికిరాదు. కూరినంక పెట్టెను బిగించి నీళ్లల్ల ఉడకబెడితే గట్టిపడుతది.

ఉష్ణోగ్రత పెరిగితే చర్యావేగం పెరుగుతది అని ఇంటర్ల బట్టీ కొట్టిన. పరీక్షల రాసిన, మార్కులు పడ్డయ్, మర్సిపోయిన. సారు ఒకనాడు జాడీ చేతిల పట్టుకొని అదే ముచ్చట వేరే తీరుగ చెప్పిండు. "చూడమ్మా, గీ రెండిట్ల కంటికి కనబడని కణాలుంటయ్. అవి తిరుగుకుంట ఒకదానికొకటి తగిలి చెయ్యి పట్టుకుంటేనే గొలుసై గట్టిపడుతది. సల్లగుంటే మెల్లగ తిరుగుతయ్. ఉడుకైతే ఉరుకుతయ్, ఎక్కువసార్లు తగులుతయ్, తగిలినప్పుడు జోరుగ తగులుతయ్. ఉత్తగ తగిలితే చెయ్యి పట్టుకోవు, గా జోరు ఉండాలె. మోటుగ చెప్పాల్నంటే పది డిగ్రీలు పెరిగితే పని రెండింతల జోరుగ నడుస్తది." నేను తలకాయ ఊపిన. అర్థమైందనుకున్న.

నేను పనిల చేరింది డిసెంబరుల. గా రేకుల కింద సలికి ఏళ్లు వంగకపోతుండె. పౌడరు, లిక్విడు కలిపి మూత పెట్టి, కిందికి దిగి, రోడ్డు దాటి ఇరానీ హోటల్ల చాయ్ తాగి, పైకొచ్చి చేతులు కడుక్కునే వరకు ముద్ద సరిగ్గ పిండయ్యేది. నేను దాన్నే లెక్క పెట్టుకున్న. ఒక చాయ్, ఒక పిండి. గడియారం సుత చూడకపోతుంటి.

ఇగ మా అవ్వ ముచ్చట. మా నాయినను కన్నతల్లి. మేడ్చల్ల మాతోనే ఉంటుండె. మా తాత పోయి అప్పటికి మస్తు ఏండ్లయ్యింది, ఆయన సొంతూరు శామీర్‌పేట దిక్కు గాబట్టి అక్కడి సమాధుల తోటల్నే పెట్టిన్రు. అవ్వ మొగని పేరు నోటితోని చెప్పేది గాదు. గప్పటి ఆడోళ్లంత అంతే గద. "ఆయన" అనేది, "మీ తాత" అనేది. పింఛన్ కాయితాల కోసం ఆఫీసుకు వోతే గుమస్తా "భర్త పేరు" అని అడిగిండు. అవ్వ నా దిక్కు చూసింది. నేను ఫోన్ల ఉన్న, చూడలేదు. గుమస్తా మళ్ల అడిగిండు. అవ్వ నా తొడ మీద గిచ్చింది, గిచ్చితే నేను చెప్పిన. గుమస్తా నవ్విండు, అవ్వ మొఖం తిప్పుకుంది.

ఏడాదికి ఒక్కసారి మాత్రం గా పేరు అవ్వ నోట్లెకెళ్లి వచ్చేది. మా సంఘంల ఒక పద్ధతుంది. ఈస్టరు నాడు తెల్లారంగనే అందరం సమాధుల తోటకు పోతం. ముందురోజే సమాధులకు సున్నమేసి, బంతిపూలు పేర్చి ఉంచుతం. పాటలయినంక ఒక్కొక్క ఇంటి పెద్ద ముందుకొచ్చి వాళ్లింట్ల పోయినోళ్ల పేర్లు గట్టిగ చెప్తరు. పోయినోళ్లను కాయితం చూసి పిలువొద్దు, ఇంకొకరు అందించొద్దు. మా ఇంటి పెద్ద అవ్వ. సున్నం తెలుపు చీర కట్టుకొని, నిటారుగ నిలబడి, అత్తమామల పేర్లు చెప్పి, చిన్నప్పుడే పోయిన బిడ్డ పేరు చెప్పి, జర ఆగి, ఆఖరికి తాత పేరు చెప్పేది. ఏడాది మొత్తం దాసిపెట్టుకున్న పేరది. గా పేరు చెప్పేటప్పుడు అవ్వ గొంతు పెండ్లిపిల్ల గొంతు లెక్కయ్యేది, నేను గమనించిన.

నేను ల్యాబుల చేరకముందు ఏడాది అవ్వ పండ్లన్నీ పోయినయ్. గా ఈస్టరుకు ఉత్త చిగుళ్లతోనే ముందుకు వోయింది. అత్తమామల పేర్లు ఎట్లనో చెప్పింది. తాత పేరుల మాత్రం నాలిక పండ్లకు తగిలి పలికే అక్షరాలే ఎక్కువ. పేరు బదులు గాలి, ఉమ్ము వచ్చినయ్. ముందు వరుసల కూసున్న పిల్లలు కిసుక్కుమన్నరు. వాళ్ల తల్లులు నోళ్లు మూసిన్రు గాని అవ్వ ఇననే ఇన్నది. ఇంటికొచ్చి చీర మడత పెట్టుకుంట, "ఇగ నేను ముందుకు వోను. ఆయన పేరును నవ్వులపాలు జేసిన" అన్నది. రెండు రోజులు సరిగ్గ తినలేదు.

అందుకే ల్యాబుల చేరినంక నేనే అన్న, వచ్చే ఈస్టరుకు నీ పండ్లు నేను కడత అవ్వా అని. అవ్వ నమ్మలేదు. "చెంచా పట్టుకుంటే కింద పడేస్తవు, నువ్వు కడతవా" అన్నది. సారు ఒప్పుకున్నడు. తెలిసిన డాక్టరు కొలతలు తీసిండు. మైనం సెట్టు నేనే చేసిన, ఒక్కొక్క పన్ను అవ్వ మొఖం యాదికి తెచ్చుకుంట నాటిన. ఈస్టరు ముందు మంగళవారం అవ్వ నోట్లె పెట్టి అద్దం చూపిస్తే, "గీమె ఎవలు? మా అత్త లెక్కుంది" అన్నది. మైనం గదా, ఎక్కువ మాట్లాడొద్దన్నడు సారు. అవ్వ నోరు మూసుకొని అద్దంల చాన సేపు చూస్కుంది. కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

సారు నాకు లెక్క చెప్పిండు. బేస్తారం పొద్దుగాల ముద్ద కూరి నీళ్లల్ల పెట్టు. నీళ్లు చెయ్యి కాలేంత ఉండాలె గాని మరగొద్దు, డెబ్బై డిగ్రీల సుట్టుపక్కల తొమ్మిది గంటలు. గుడ్ ఫ్రైడే నాడు సెలవు, అదే నీళ్లల్ల దానంతటదే సల్లగానీ. శనివారం తీసి మెరుగుపెట్టు. ఈస్టరుకు అవ్వ నోట్లె ఉంటయ్.

బేస్తారం నాడు పొద్దుగాలనే కరెంటు వోయింది. ఏప్రిల్ ఎండ, రేకుల కింద అర్ర పెనం లెక్క కాలుతాంది. నేను పౌడరు, లిక్విడు కలిపి, మూత పెట్టి, అలవాటుగ చాయ్‌కి వోయిన. గప్పుడు సుత ఏమనిపియ్యలేదు. అవ్వ పండ్లు గద, ఉషారుగ ఉన్న, ఇంకో బిస్కెటు తిన్న. పైకొచ్చి మూత తీసి ఏలు పెడితే ఏలు దిగలేదు. ముద్ద రబ్బరై కూసుంది. సలికాలం చాయ్ లెక్క ఎండకాలం నడువది అన్న ఇంగితం నాకు లేదు. పది డిగ్రీలకు రెండింతలని సారు చెప్పిండు గద, డిసెంబరుకు, ఏప్రిల్‌కు మధ్యన ఎన్ని పదులున్నయో ఎంచుకోవద్దా? తలకాయ ఊపింది ఎవలు? నేనే.

గా రంగు పౌడరు ల్యాబుల అదే ఆఖరు డబ్బ. మళ్ల శనివారం పొద్దుగాలకు గాని రాదన్నరు. శనివారం డబ్బ వచ్చేవరకు పదకొండయ్యింది. సారు సుట్టాల పెండ్లికి వోయిండు. ఫోన్ చేస్తే మొత్తం ఇని, "పెట్టెను నీళ్లల్ల పెట్టు. రాత్రికి ఆపేసి ఇంటికి వో. సోమవారం తీద్దం. రేపటికి గాదమ్మా, అవ్వకు చెప్పు. కావాల్నంటే నేను మాట్లాడ్త" అన్నడు. నేను సరే అని పెట్టేసిన.

సరే అన్న గాని మనసొప్పలేదు. గా కిసుకిసలు యాదికొచ్చినయ్. వేడి పెరిగితే జల్దీ అయితది, అది పుస్తకంల ఉన్నదే, సారు చెప్పిందే. డెబ్బై డిగ్రీలకు తొమ్మిది గంటలైతే నూరు డిగ్రీలకు ఒక్క గంట చాలు అనుకున్న. లెక్క కరెక్టే అనిపించింది. ఈసారి జాడీని సల్లటి నీళ్లల్ల పెట్టి, పక్కనే నిలబడి, పిండి దశల పట్టుకొని కూరిన. తర్వాత స్టవ్ మీద నీళ్లు తెర్లుతుంటే, అండ్ల పెట్టెను దింపిన. గంట సేపు ముందటనే కూసున్న. తీసి నల్లా కింద పెట్టి జల్దీ సల్లార్చిన. మెల్లగ పీఓపీ పగలగొట్టిన.

అంగిలి మీద, చిగురు మందంగున్న కాడల్లా సన్న సన్న బుడగలు. జల్లెడ లెక్క. పట్టుకొని జర వంచితే టక్కుమన్నది. నడిమిట్ల పగులు వచ్చింది.

తర్వాత సారు చెప్పిండు. గా ముద్ద గట్టిపడేటప్పుడు తన వేడి తానే పుట్టించుకుంటది. బయటి నీళ్లు మెల్లగ కాగుతుంటే గా వేడి మెల్లగ బయటికి పోతది. ఒక్కసారే మరిగే నీళ్లల్ల ఏస్తే కణాలన్నీ ఒక్కసారే ఉరుకుతయ్, లోపలి వేడి బయటికి పోయే తొవ్వ లేక నూరు దాటుతది, ఇంకా కలువని లిక్విడు లోపలనే మరిగి బుడగలయితది. జల్దీ అయితే అయ్యింది గాని లోపల గాలి మిగిలింది. గప్పుడు నాకు గిదంత తెల్వదు. నాకు తెలిసిందల్లా మైనం లేదు, అచ్చు లేదు, మళ్ల అవ్వ నోట్లెకెళ్లి కొలతలు తీసే కాడికెళ్లి మొదలువెట్టాలె. తెల్లారితే ఈస్టరు. అర్ర మధ్యల కింద కూసొని ఏడ్చిన. నా మీద నాకే అసహ్యమేసింది.

ఇంటికొచ్చేవరకు అవ్వ తలకు పోసుకొని, తెల్ల చీర ఇస్త్రీ చేయించి మంచం మీద పరిచి, వాకిట్ల నా కోసం కూసొని ఉంది. ముందు కోపంగనే మాట్లాడిన, కరెంటు వోయిందని, డబ్బ లేటొచ్చిందని. అవ్వ ఇంటాంది గాని నా మొఖమే చూస్తాంది. ఆఖరికి పగిలిన సెట్టు సంచిల నుంచి తీసి చేతిల పెట్టిన. అవ్వ బుడగల మీద ఏలు రాసింది. ఎట్లయ్యిందంటే చెప్పిన, మరిగే నీళ్లల్ల ఏసిన అని.

"తోడేసిన పాలగిన్నె పొయ్యి మీద పెట్టినవా బిడ్డా" అన్నది.

అంతే. తిట్టలేదు. తిడితే బాగుండు. లోపలికి వోయి చీర మళ్ల మడత పెట్టింది, అది చూసి నేను బువ్వ తినకుంటనే పండుకున్న.

తెల్లారి తోటకు వచ్చింది అవ్వ, పాత చీర కట్టుకొని. పాటలప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డది. మా ఇంటి వంతు వచ్చినప్పుడు అమ్మను ముందుకు వొమ్మన్నది. అమ్మ పోతుంటే చెయ్యి పట్టి ఆపి, "అందరివి చెప్పు. ఆయనది చెప్పకు" అన్నది. అమ్మ అట్లనే చెప్పింది. ఆఖరి పేరు కాడ పాస్టరు గారు జర సేపు ఆగిండు, అవ్వ దిక్కు చూసిండు. అవ్వ తల వంచుకుంది. ఆయన పక్కింటోళ్లను పిలిచిండు. గా ఏడు మా తాతను ఎవలూ పిలువలేదు. పూలు, క్యాండిలు అన్నీ ఉన్నయ్ గాని పేరు రాలేదు. నా వల్లనే గద అని నేను గా సమాధి దిక్కు మొఖం పెట్టి చూడలేకపోయిన.

మళ్ల కొలతలు తీసుడు, మళ్ల మైనం, మళ్ల అవ్వ నోట్లె పెట్టి చూసుడు, అన్నీ అయ్యేవరకు మే నెల వచ్చింది. కూరే రోజు సారు తాను చేస్త అన్నడు. నేను ఒప్పుకోలేదు. పొద్దుగాల ఎనిమిదిటికి పెట్టెను గోరువెచ్చటి నీళ్లల్ల దింపిన. స్టవ్ సన్నగ పెట్టిన. థర్మామీటరు డెబ్బై దాటుతుంటే గ్లాసెడు సల్లనీళ్లు పోసుడు, దిగుతుంటే మంట పెంచుడు. చాయ్‌కి సుత లేవలేదు. బస్సులు, ఆటోలు హారన్లు కొట్టుకుంట పోతనే ఉన్నయ్, నేను నీళ్లు చూస్కుంట కూసున్న. ఏమీ కనబడది. నీళ్లు కదలవు, పెట్టె కదలది. లోపల మాత్రం అవి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటున్నయని ఆశ. పుట్టి బుద్ధెరిగినంక నేను ఒక్క కాడ అంత సేపు కూసున్నది అదే మొదటిసారి. సాయంత్రం ఐదింటికి స్టవ్ బంద్ చేసి, నీళ్లల్లనే ఇడిచిపెట్టి ఇంటికి వోయిన. తెల్లారి సారు ముందట పగలగొడితే చిగురు నున్నగ, గట్టిగ, ఒక్క బుడగ లేకుంట వచ్చింది. సారు ఎలుతురుకు పట్టి చూసి, "గిది అవ్వకియ్యొచ్చు" అన్నడు.

అవ్వను స్కూటీ మీద తీస్కవోయిన. డాక్టరు దగ్గర్నే పెట్టిచ్చినం, సారు సుత వచ్చిండు. పండ్లు పెట్టినంక అందరికీ అరవై నుంచి డెబ్బై దాక లెక్కపెట్టమంటరు, పలుకులు సరిగ్గ వస్తున్నయా లేదా తెలుస్తదని. అవ్వ లెక్కపెట్టింది. ఒక్కొక్కటి గంట కొట్టినట్టు వచ్చింది. డెబ్బై కాడ ఆగి నా దిక్కు చూసింది.

"ఇంకేమన్న మాట్లాడమ్మా" అన్నడు సారు.

"ఇంకొకటుంది సారూ. ఇక్కడ చెప్పేది గాదు" అన్నది అవ్వ.

స్కూటీ ఎక్కినంక ఇంటికి గాదు, శామీర్‌పేటకు వోనియ్యి అన్నది. మిట్ట మధ్యాహ్నం, మే నెల. ఈ ఎండకు ఎందుకవ్వా, పొద్దుమీకి పోదం అంటే ఇనదు. మేడ్చల్ దాటి, చెరువు దిక్కు నుంచి వచ్చే గాడుపు మొఖానికి కొడుతుంటే కొంగు తలమీదికెళ్లి తీసి నోటికి కట్టుకుంది, పండ్లకు దుమ్ము తగులొద్దని. తోట కాడ ఒక్క పురుగు లేదు. ఈస్టరు నాటి బంతిపూలు ఎండి నల్లగయినయ్. నేను ఎంబడి పోతుంటే, "నువ్వు గేటు కాన్నే ఉండు" అన్నది.

గేటు కాడ నిలబడ్డ. అవ్వ సమాధి దగ్గరికి వోయి, కొంగుతోని దుమ్ము తుడిచి, నిటారుగ నిలబడ్డది. పాటల్లేవు, పాస్టరు లేడు. నోరు కదిలింది. నాకు ఇనబడలేదు. పేరొక్కటే అయితే జర సేపే పట్టాలె గద. అవ్వ చాన సేపు మాట్లాడింది. నడుమ నడుమ ఆగింది, ఒకసారి నవ్వింది. నా కాళ్ల కింద నేల కాలుతాంది, అయినా పిలువలేదు.

వచ్చేటప్పుడు కండ్లు ఎర్రగున్నయ్. స్కూటీ కాడికొచ్చి నా భుజం పట్టుకొని నిలబడ్డది. చెప్పినవా అని అడిగిన. చెప్పిన అన్నది. ఆయన పేరు చెప్పి, ఈస్టరు నాడు ఎందుకు పిలువలేదో చెప్పి, అత్తమామలకు సుత ఆయననే చెప్పుమన్నదట.

"ఇంకా?" అన్న.

"మీ తాత ఊకుంటడా, గింత సక్కటి పండ్లు ఎవలు కట్టిన్రని అడగడా. నీ పేరు చెప్పిన" అన్నది.

నేను స్కూటీ స్టార్ట్ చేయలేదు. అవ్వ ఎక్కి కూసొని, నా నడుము పట్టుకుంది.